నీడ బొంత

ఆ వారం యోధుడి క్లాసు తీసుకున్న మనిషి కాస్ట్యూమ్స్ గదిలోకి వస్తూనే గుమ్మానికి భుజం కొట్టుకుని, గుమ్మానికే సారీ చెప్పాడు.

సువర్చల నవ్వు ఆపుకుని, అతని ఛాతీ కొలత కళ్లతోనే అంచనా వేసి, కొక్కేనికి వేలాడుతున్న కవచాల్లోంచి ఒకటి తీసింది. పైకి తోలులా కనిపిస్తుంది గాని ఉత్త రెక్సిన్. దాని మీద ఇత్తడి రంగు పూసిన ప్లాస్టిక్ బొడిపెలు. పైగుడ్డ ఏదైనా ఫరవాలేదు. పనిచేసేది లోపలి లైనింగ్.

"ఒంటికి తగిలేలా వేసుకోవాలి. బనియన్ తీసెయ్యండి," అంది.

"బనియన్ కూడానా అండీ?"

"ఆ. ముందు కాస్త చల్లగా ఉంటుంది. తర్వాత మీకే తెలుస్తుంది."

అతను మొహమాటంగా తెర వెనక్కి వెళ్లాడు. ఆదివారం కావడంతో చేవెళ్ల దాటాక ఉన్న ఆ మామిడితోట జనంతో కళకళలాడుతోంది. 'ఏడు గడపల రాజ్యం' ఆట కోసం నగరంలోని ఆఫీసుల వాళ్లంతా పొద్దున్నే కార్లేసుకుని వస్తారు. యోధుడు, వైద్యుడు, మాంత్రికుడు, నీడ అని క్లాసులు. ఎవరికి నచ్చిన క్లాసు వేషం వాళ్లు వేసుకుని, సాయంత్రం దాకా స్పాంజి కత్తులతో కోటలు పట్టుకుంటారు, పోగొట్టుకుంటారు. మొదట్లో వేషం మారినా మనుషులు మారేవాళ్లు కాదు. దెబ్బ కొట్టే ముందు "కొట్టనా అండీ" అని అడిగే యోధులుండేవాళ్లు. దాక్కున్న చోట ఫోను మోగించుకునే నీడలుండేవాళ్లు. ఆటలో పసలేదని జనం తగ్గిపోతున్న రోజుల్లో ఆట నిర్వాహకుల దగ్గర సాంకేతిక పనులు చూసే ఫణీంద్ర ఒక దారం తయారుచేశాడు. ఆ దారాన్ని గుడ్డగా నేసే పద్ధతి సువర్చల కనిపెట్టింది.

తెర పక్కకి జరిగింది. బయటికొచ్చిన మనిషి మెడ నిటారుగా నిలబడి ఉంది. మూడు చిన్న ఊపిర్లు ముక్కుతో బుసబుసా తీసి, నాలుగోది ఛాతీలో బిగబట్టి వదిలాడు. మళ్లీ మూడు, మళ్లీ బిగింపు.

"కత్తి," అన్నాడు చెయ్యి చాపి.

ఇచ్చింది. వెళ్తూ వెళ్తూ అతని భుజం మళ్లీ గుమ్మానికి తగిలింది. ఈసారి గుమ్మం వైపు తిరిగి కూడా చూడలేదు.

ఆ మూడు ఊపిర్లూ ఆ బిగింపూ ఒక కబడ్డీ ఆటగాడివి. అవతలి జట్టు మీదికి కూతకి వెళ్లేటప్పుడు అతని ఊపిరి, గుండె, చెమట ఎలా ఉంటాయో ఫణీంద్ర పట్టి దారంలోకి ఎక్కించాడు. ఒంటి వేడి తగలగానే దారం ఆ లయని చర్మానికి సన్నసన్నగా గుర్తుచేస్తూ ఉంటుంది. బ్యాటరీ లేదు, స్విచ్చి లేదు. కాసేపటికి ఒళ్లు ఆ లయలో పడుతుంది. ఒంటి వెనకే మనసూ పోతుంది. వైద్యుడి క్లాసుకి ఒక నర్సు దగ్గర, నీడ క్లాసుకి అడవిలో గంటల తరబడి కదలకుండా పడుకుని జంతువుల ఫోటోలు తీసే ఒకాయన దగ్గర ఆ లయలు పట్టారు.

ఆ సాయంత్రం ఆట అయిపోయాక అందరూ టీ స్టాలు దగ్గర చేరారు గాని ఒక నీడ మాత్రం తిరిగి రాలేదు. ఫణీంద్రా సువర్చలా వెతుక్కుంటూ వెళ్తే తంగేడు పొదలో దొరికాడు. బూడిదరంగు ముసుగులో గొంతుక్కూర్చుని ఉన్నాడు. పాదాల నిండా ఎర్రచీమలు.

"అయ్యో, పిలవచ్చు కదండీ. మేం ఎంతసేపట్నుంచో ఈ పక్కనే తిరుగుతున్నాం," అంది సువర్చల, చీమల్ని దులుపుతూ.

"చూశానండీ మిమ్మల్ని," అన్నాడతను ప్రశాంతంగా. "పిలవాలనిపించలేదు."

ఫణీంద్ర ఆ మాటకి మురిసిపోయాడు. "చూశారా మేడమ్, లైనింగ్ ఎంత బాగా పట్టిందో. మంగళవారానికల్లా ఈయన ఆఫీసులో అందరి మీదా అరుస్తూ ఉంటాడు. మామూలైపోతారు."

నిజమే, అందరూ మామూలైపోయేవాళ్లు.

సీజను ముగిశాక పాత లైనింగులు విప్పేసి కొత్తవి వేస్తారు. ఆ పాతవి పారేయడానికి సువర్చలకి చేతులు రాలేదు. కట్టీ ఉతికీ, కట్టీ ఉతికీ మెత్తటి వెన్నలా అయిన గుడ్డ. ముఖ్యంగా నీడ క్లాసువి. ముక్కలు చేస్తే దారం తెగిపోతుంది, తెగితే ఇక అది ఉత్త గుడ్డేనని ఫణీంద్ర ఏనాడో పరీక్ష చేసి తేల్చాడు. కూతురికి నెలలు నిండుతున్నాయి. పసిపిల్లలకి కొత్తగుడ్డ తగలనివ్వరు. పెద్దవాళ్లు కట్టి కట్టి మెత్తబడ్డ పాతచీరలతోనే బొంత కుట్టాలి. ఆ మాట వాళ్లింట్లో తాతమ్మల నాటి నుంచీ ఉంది. కాని ఇప్పుడు ఇంట్లో పాత నూలుచీర ఏది? బీరువా నిండా సింథటిక్కే.

నీడ లైనింగుల్ని చదరాలుగా కత్తిరించి, నాలుగు పొరలు పేర్చి, తెల్లదారంతో చుక్కకుట్టు వేసి సువర్చల మనవరాలికి బొంత కుట్టింది.

*

"మీ అమ్మాయి పెంపకమో, మా వంశమో గాని వదినగారూ, ఇలాంటి పిల్లని నేను చూళ్లేదు," అంది కనకదుర్గ, ఉయ్యాల్లోకి తొంగి చూస్తూ. ఆవిడ సువర్చల కూతురు హిమజకి అత్తగారు. మనవరాల్ని చూడ్డానికని వచ్చి వారమైంది. "మా వాడు పుట్టినప్పుడు వీధివీధంతా నిద్ర మానేసింది. పక్కింటావిడ ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయింది కూడాను."

"అత్తయ్యా, ఆవిడ మీతో పడలేక వెళ్లిందని మీ అబ్బాయి చెప్పాడే," అంది హిమజ మంచం మీంచి.

"వాడికేం తెలుసు. అప్పటికి వాడికి నెల."

సువర్చల కరివేపాకు దూస్తూ నవ్వింది. భర్త పోయిన తర్వాత ఆ ఇంట్లో తల్లీకూతుళ్లిద్దరే ఉండేవాళ్లు. హిమజ పెళ్లయి బెంగళూరు వెళ్లిపోయాక అదీ లేదు. ఇప్పుడు పురిటికొచ్చిన కూతురు, మాటల పుట్ట వియ్యపురాలు, బూడిదరంగు బొంతలో ముడుచుకున్న పాప. నిజంగానే బంగారుతల్లి. తడిపినా ఏడవదు. ఎత్తినా ఏడవదు, దించినా ఏడవదు. కళ్లు తెరిచి మనిషిని చూస్తుంది. అంతే. చుట్టాలొచ్చి ఇంట్లో పసిపిల్ల ఉందంటే నమ్మేవాళ్లు కాదు.

"పాలకైనా ఏడవదేంటమ్మా?" అని హిమజ ఒకసారి అడిగింది.

"నువ్వే ముందుగా ఇచ్చేస్తున్నావేమో," అంది సువర్చల.

"నేను నిద్రపోతే అది నిద్రపోతోంది. లేచి చూస్తే కళ్లు తెరుచుకుని ఉంటోంది. ఎప్పుడు లేచిందో ఏమో."

"దిష్టి పెట్టకే నా మనవరాలికి," అంది కనకదుర్గ.

కనకదుర్గ వెళ్లిపోయాక పాపని టీకాకి ఆసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరమ్మ పాపని తూకం మీద పడుకోబెట్టి, సూచిక చూసి, పాపని తీసి మళ్లీ పెట్టింది.

"పుట్టినప్పటి బరువే దాటలేదు. పాలు సరిపోతున్నాయా?"

"పిండి పారబోస్తున్నానండీ," అంది హిమజ.

"మరి ఆకలేస్తే ఏడుస్తుందిగా. అప్పుడే పట్టండి."

హిమజ తల్లి వైపు చూసింది. డాక్టరమ్మ ఇద్దరి మొహాలూ చూసి, నర్సుకి సైగ చేసింది. నర్సు పాప తొడ తుడిచి సూది గుచ్చింది.

పాప కాలు బిగుసుకుంది. కళ్లు పెద్దవయ్యాయి. రెండు కళ్ల చివర్లా నీళ్లు ఊరి చెవుల్లోకి జారాయి. నోరు మాత్రం తెరవలేదు. ముక్కుతో పొడుగ్గా, చప్పుడు లేకుండా ఊపిరి తీసి, అంతే నెమ్మదిగా వదిలింది.

సువర్చల ఆ ఊపిరిని ఎక్కడ చూసిందో తెలుసుకోవడానికి ఆలోచించాల్సిన పనే లేకపోయింది. ప్రతి ఆదివారం చూస్తూనే ఉంది. పాప కింద పరిచిన బొంతని సర్రున లాగేసింది. నర్సు ఉలిక్కిపడింది.

*

ఫణీంద్ర బొంతలోంచి ఒక చదరం విప్పి, లయ బలాన్ని కొలిచే మీటరు కింద పెట్టి, చాలాసేపు కళ్లజోడు సర్దుకుంటూ కూర్చున్నాడు.

"చావలేదండీ," అన్నాడు చివరికి.

"ముక్క చేస్తే చచ్చిపోతుందన్నావు."

"కొత్తగుడ్డలో చస్తుందండీ. మనం కొత్తగుడ్డ ముక్కలే కదా పరీక్ష చేసింది. ఇది నలిగీ నలిగీ పడుగూ పేకా ఒకదాన్నొకటి అతుక్కుపోయాయి. ప్రతి ముక్కా దానంతటదే ఒక లైనింగైపోయింది. పైగా..." అతను మీటరు ఆమె వైపు తిప్పాడు. "కొత్తదానికన్నా గట్టిగా పలుకుతోంది."

"దాని మీద నా మనవరాలు పుట్టిన్నాటి నుంచీ పడుకుంది ఫణీంద్రా."

సువర్చల ఆ చదరం తీసుకుని, జాకెట్టు గుండీ విప్పి, గుండె మీద పెట్టుకుని, పైన పమిట సర్దుకుంది. "నువ్వు నీ పని చూసుకో," అంది.

మొదట చల్లగా తగిలింది. కాసేపటికి ఒళ్లు ఎంతో హాయిగా అనిపించింది. కుర్చీలో కదలాలనిపించలేదు. ఫణీంద్ర కంప్యూటరు ముందు కూర్చున్నాడు, లేచాడు, భోజనానికి వెళ్లాడు. సువర్చలకి షుగరుంది. పొద్దున మాత్ర వేసుకుంది, ఇడ్లీ ఒకటి తిన్నదో లేదో. మధ్యాహ్నం భోజనం వేళ దాటాక చేతులు వణకడం మొదలైంది. నుదుటి మీద చెమట. షుగరు పడిపోతోందని ఆమెకి స్పష్టంగా తెలుస్తోంది. సంచిలో బిస్కెట్లున్నాయని తెలుసు. ఫణీంద్ర తిరిగొచ్చి పక్కనే నిలబడి సీసాలోంచి నీళ్లు తాగుతున్నాడని తెలుసు. "ఫణీ" అంటే చాలు. అనాలనే అనిపించలేదు. ఆకలి పోలేదు. కడుపులో మెలిపెడుతూనే ఉంది. ఆ సంగతి ఇంకొకరికి తెలియాలన్న కోరికే పోయింది. పైగా ఎవరికైనా తెలిస్తే ఏదో ముప్పు వస్తుందన్న భయం. ఆ భయం కూడా ఎంతో నిదానంగా ఉంది.

నీళ్లు తాగి మూత పెట్టబోతూ ఫణీంద్ర ఆమె మొహం చూశాడు. సీసా కింద పడేసి, పమిట కిందికి చెయ్యి పోనిచ్చి గుడ్డ లాగేశాడు.

చక్కెర నీళ్లు తాగాక, వణుకు తగ్గాక సువర్చల అడిగింది. "దానికి ఇలాగే ఉంటుందా?"

"మేడమ్, ఆటగాళ్లు రెండు రోజుల్లో మామూలైపోతారు కదా. పాప కూడా..."

"ఆటగాళ్లకి మామూలంటూ ఒకటుంది," అంది సువర్చల. "గుడ్డ తీసేస్తే వెనక్కి వెళ్లడానికి వాళ్లకి ఒక మనిషున్నాడు. దీనికి ఎవరున్నారు? పుట్టడమే నీడగా పుట్టినట్టయింది."

ఫణీంద్ర పాదాల దగ్గర పగిలిన సీసా పెంకులు ఏరుతూ కూర్చున్నాడు. వచ్చే ఆదివారం ఆట ఆపించమని అడిగితే, యజమానితో మాట్లాడి చూస్తానన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు తల ఎత్తలేదు.

*

బొంత ఇంట్లోంచి వెళ్లిపోయింది. పాపని నేత తువ్వాలులో పడుకోబెట్టారు. హిమజ ఫోనులో అలారాలు పెట్టుకుని వేళకి పాలు పడుతోంది. నోటికందిస్తే పాప తాగుతుంది. కాసిని తాగి ఆపేస్తుంది. ఇంకా కావాల్సి ఉన్నా ఆపిందో, కడుపు నిండి ఆపిందో తెలియదు. అడగని పిల్లకి ఎంత పెట్టాలో ఎవరికి తెలుసు? రోజులు గడుస్తున్నా గొంతు విప్పలేదు. చెంపలు లోపలికి పోతున్నాయి. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, అన్నీ బాగానే ఉన్నాయంది. ఇలాగే ఉంటే ఆసుపత్రిలో చేర్చి ముక్కులోంచి గొట్టం వేయాల్సి వస్తుందని చెప్పింది.

సువర్చల కూతురికి అన్నీ చెప్పేసింది. హిమజ అరవలేదు, తిట్టలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"ఒక మాట అడుగుతాను, నిజం చెప్పమ్మా," అంది రెండో రోజు, పాపని ఒళ్లో వేసుకుని. "గుడ్డ వల్ల పోయింది గుడ్డ వల్ల రాదా?"

"అంటే?"

"యోధుడి గుడ్డ."

"పిచ్చిదానిలా మాట్లాడకు."

"ఏం? అరిచేదేగా అది. ఒక్కసారి అరవడం తెలిస్తే ఆ తర్వాత తనే నేర్చుకుంటుందేమో."

"అది ఏడుపు కాదే. మనిషి మీదికి వెళ్లే కోపం అది. పాతికేళ్ల మగవాడి కోపం. మూడు కిలోల పిల్ల గుండెకి దాన్ని కడతావా? ఉన్నది ఒక తప్పు. దాని మీద ఇంకొకటి వేస్తానంటావా?"

"ఒక తప్పుని నువ్వు కుట్టావు," అంది హిమజ నెమ్మదిగా. "చుక్కకుట్టుతో. ఎంత అందంగా కుట్టావో వచ్చినవాళ్లందరికీ నేనే చూపించాను."

సువర్చల పాప తువ్వాలు సర్దింది. "నీడలాగే ఓపిగ్గా కూర్చుందాం. ఎక్కడో దాని సొంత గొంతు ఉండే ఉంటుంది. వస్తుంది," అంది.

"ఎప్పటికి? గొట్టం వేసేలోపా, వేశాకా?"

మర్నాడు సువర్చల కూరలు కొనుక్కుని వస్తుంటే మెట్ల మీదే వినిపించింది. కెవ్వున ఏడుపు. పై అంతస్తు ఆవిడ తలుపు తీసి, "మీ పాపేనా? అమ్మయ్య, ఇన్నాళ్లకి," అని నవ్వింది. సువర్చల చేతిలో సంచి జారి టమాటాలు మెట్ల మీద దొర్లాయి. వాటిని వదిలేసి పరిగెత్తింది.

గదిలో బాగుచేయడానికని ఆమె తెచ్చుకున్న, బాగా వాడి నలిగిన యోధుడి కవచం నేల మీద వెల్లకిలా పడి ఉంది. దాని లోపల, ఛాతీ దగ్గర, అరచేతంత చదరం కత్తిరించేసి ఉంది. హిమజ మంచం మీద కూర్చుని ఏడుస్తోంది, నవ్వుతోంది, పాపకి పాలిస్తోంది. పాప రెండు పిడికిళ్లూ బిగించి, తల్లి రొమ్ముని ఒడిసి పట్టి, గటగటా తాగుతోంది. పాలు చెంపల మీంచి కారుతున్నాయి.

"చూడమ్మా. చూడు ఎలా తాగుతోందో. ఇక చాలంటే వదలడం లేదు. అడిగి మరీ తాగుతోంది."

సువర్చల దగ్గరికెళ్లి చూసింది. మనవరాలి బుగ్గలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. నెలల పిల్ల మొహంలో అంత రక్తం ఎప్పుడూ చూడలేదు. ఆమె కళ్లల్లోనూ నీళ్లు తిరిగాయి. అంతలో పాప రొమ్ము వదిలి, అమ్మమ్మ వైపు తల తిప్పింది. కనుబొమలు దగ్గరికొచ్చాయి. ముక్కుపుటాలు అదిరాయి. మూడు చిన్న ఊపిర్లు. నాలుగోది బిగబట్టి, కెవ్వుమంది.

ఆ అరుపు ఆకలిది కాదు. కడుపు అప్పటికే నిండి ఉంది.

"తీసెయ్ హిమా. తాగింది కదా."

హిమజ పాప గుండె మీది చదరం తీసింది. ఏడుపు మధ్యలో కోసేసినట్టు ఆగిపోయింది. పాప నోరు మూసుకుని, ముక్కుతో పొడుగ్గా ఊపిరి తీసి, చప్పుడు లేకుండా వదిలి, పైకప్పుకేసి చూస్తూ పడుకుంది. తల్లీకూతుళ్లిద్దరూ ఆ మొహం మీదికి వంగి చాలాసేపు ఎదురుచూశారు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడే మిగిలింది.

హిమజ చదరాన్ని మళ్లీ పాప గుండె మీద పెట్టింది. కాసేపటికి ఏడుపు. తీసింది. నిశ్శబ్దం. మళ్లీ పెట్టింది. ఈసారి తీయలేదు.

"ఇది నా పిల్ల ఏడుపు కాదని నాకు తెలుసమ్మా," అంది. "తెలిసే పెడుతున్నాను. బతికుంటే కదా తర్వాత సంగతి."

ఆ వారం గడిచేసరికి తూకంలో ముల్లు కదిలింది. డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. కనకదుర్గ ఫోనులో ఆ ఏడుపు విని, "అదీ, ఇప్పుడు మా వంశం పిల్లనిపించింది," అంది. మామిడితోటలో ఆదివారం ఆట ఎప్పటిలాగే జరిగింది. సువర్చల వెళ్లలేదు. ఇంట్లోనే కూర్చుని మనవరాల్ని ఆడించబోతే, పాప ఆమె వేలు పట్టుకుంది. పసిపిల్లలు పట్టుకునే పట్టు కాదు. మెలితిప్పే పట్టు.

"అమ్మా, ఈ ముక్క మాటిమాటికీ జారిపోతోంది," అంది హిమజ, ఉతికి ఆరేసిన బుల్లి చొక్కాలన్నీ తెచ్చి తల్లి ముందు పోసి. "చొక్కాల్లోపల కుట్టేసెయ్యి. కవచంలో గుడ్డ ఇంకా బోలెడుంది."

"డాక్టరమ్మకి చెబుదాం హిమా."

"ఏం చెబుతావు? ఆవిడకి కనిపిస్తోంది తూకం. ఆవిడ తూకమే చూస్తుంది."

సువర్చల కూతురి మొహంలోకి చూసింది. అక్కడ పంతం లేదు. ఎన్నో రాత్రుల నిద్రలేమి ఉంది, భయం ఉంది. హిమజ ఒళ్లోకి తీసుకున్న పాప గుప్పెళ్లు బిగించి ఆవలిస్తోంది.

సూదిలో దారం ఎక్కించి, సువర్చల మొదటి చొక్కా తిరగేసి ఒళ్లో పరుచుకుంది. యోధుడి గుడ్డ మీద చదరం గీసింది. కత్తెర తీసుకుంది.

"పెరిగే పిల్ల కదా," అంది హిమజ పాప జుట్టు నిమురుతూ. "అంచున కాస్త గుడ్డ వదిలి మడిచి కుట్టమ్మా. పొట్టైనప్పుడు విప్పుకోవచ్చు."

సువర్చల గీసిన గీతని చూసింది. దానికి బయటగా ఇంకో గీత గీసింది. ఆగింది. తర్వాత దానికీ బయటగా ఇంకొకటి గీసి, ఆ గీత మీద కత్తెర నడిపింది.